ముదురు నీలం ముక్క

యుద్ధానికి వెళ్ళాలో వద్దో మంత్రులు ఇంకా తేల్చుకోలేదు గానీ, ఇస్త్రీ పిన్ని తేల్చేసింది. సెలవు మీద ఇళ్ళకి పోవలసిన సిపాయిలు మూటలకు మూటలు యూనిఫారాలు తెచ్చి తన బల్ల మీద పడేస్తున్నారట, పెట్టెలో బొగ్గులు ఆరే తీరికే లేదట, ఇంతకన్నా రుజువేం కావాలని కూరగాయల బండావిడతో అందట. బండావిడ ఆ మాట కడుపులో దాచుకునే మనిషి కాదు. బండి తోసుకుంటూ వచ్చి టైలరమ్మ కొట్టు ముందు ఆపి, ముందు మాట దించి ఆ తర్వాత వంకాయలు దించింది. ఇంకో కబురు కూడా ఉంది. మేడగది తమ్ముడు వస్తున్నాడట. ఒకప్పుడు టైలరమ్మ మేడ మీద అద్దెకున్న ఆ కుర్రాడు ఇప్పుడు కొండదేశం సైన్యంలో పెద్ద ఆఫీసరు కదా, ఎంపీ గారి పక్కన కూచుని జెండా కట్టిన కారులో వస్తాడట. మైదానంలో మీటింగు పెట్టి, టైలరమ్మని వేదిక ఎక్కించి మాట్లాడిస్తాడట. మెడలో పతకం కూడా వేస్తారని పిన్ని అంది గానీ, అది పిన్ని సొంతంగా కుట్టిన అంచు అయి ఉంటుందని బండావిడే ఒప్పుకుంది.

టైలరమ్మ మిషను ఆపలేదు. చేతిలో ఉన్న కాలరు తిప్పి కుట్టి, దారం పంటితో తెంపి, "వస్తే రానీ. వాడికి తెలియని ఇల్లా?" అని మాత్రం అంది. ఆమెకి పతకం మీదా ధ్యాస లేదు, యుద్ధం మీదా లేదు. కొడుకు కొండదేశం ఆసుపత్రిలో మోకాలి కింద కాలు లేకుండా పడి ఉన్నాడు. వాడు ఇంటికి రావాలి. మిగిలినవన్నీ ఆ తర్వాతే.

మేడగది తమ్ముడి సంగతి ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. ఊరి చివర సైన్యం శిక్షణ కేంద్రంలో మన దేశానికి స్నేహితులైన చిన్నా చితకా దేశాల కుర్రాళ్ళని తెచ్చి తర్ఫీదు ఇస్తారు. అలా వచ్చినవాడే అతనూ. బ్యారక్‌లో నిద్ర పట్టడం లేదని గది వెతుక్కుంటూ వచ్చి, టైలరమ్మ మేడ మీద చేరాడు. సాయంత్రమైతే కిందకి దిగి, కత్తిరించిన పేలికల మూట మీద కూచుని, ఆమె కాజాలు కుడుతుంటే మన మాటలు నేర్చుకునేవాడు. అతను మొదట నేర్చుకున్న మాట 'అక్క'. రెండోది 'బావ'. ఆ రెండు మాటలతోనే ఇంట్లో సగం తాళాలు తీసేశాడు. పొద్దున్నే కిటికీలోంచి ఎండ ముఖాన కొడుతోందంటే, ఆమె ముదురు నీలం గుడ్డ తెచ్చి నిలువెత్తు కర్టెన్ కుట్టి పెట్టింది. తన దేశానికి తిరిగి వెళ్ళేటప్పుడు ఆ కర్టెన్ పట్టుకుని పసివాడిలా ఏడ్చాడు. టైలరమ్మ మొగుడు, సైన్యం స్టోరులో పనిచేసి దిగిపోయిన మనిషి, వీధంతా స్టోరు బాబాయి అని పిలిచే ఆయన కూడా ఆ రోజు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఎందుకని అడిగితే దుమ్ము అన్నాడు.

తర్వాత కొన్నేళ్ళకి కొండదేశానికీ, ఏటి అవతలి దేశానికీ గొడవ ముదిరింది. కొండదేశం మనకి స్నేహితుడు. మన సిపాయిలని పంపమంటే పంపలేదు గానీ, పాడైన రాడార్లు బాగుచెయ్యడానికి మెకానిక్కులని పంపారు. సరిహద్దుకి దూరంగా ఉండాలి, పోరాటంలో వేలు పెట్టకూడదు అన్నది షరతు. ఆ మెకానిక్కుల్లో టైలరమ్మ కొడుకు చిన్నోడూ ఉన్నాడు.

స్టోరు బాబాయికి దిగులేమీ లేదు. ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి లోకం సంగతులు చెప్పడం ఆయనకి కొత్తగా దొరికిన ఉద్యోగం. స్నేహం పేరుతో ఆ చిన్న దేశం మనల్ని తమ గొడవలోకి ఈడుస్తుందేమోనని ఎవరైనా అంటే ఒంటి కాలిమీద లేచేవాడు. "మనంత దేశాన్ని మన ఇష్టం లేకుండా లాగేవాడెవడు?" అనేవాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ఛాతీ రెండంగుళాలు పెరిగేది. పిన్ని ఇస్త్రీ పెట్టె ఎత్తి పట్టుకుని, కాస్త తప్పుకోండి బాబాయ్, మీ దేశం నా బల్లకి అడ్డమొస్తోంది అనేది.

టైలరమ్మకి అంత ధీమా లేదు. ఫోను చేసి మేడగది తమ్ముడితో మాట్లాడింది. మేనల్లుడు మీ దేశం వస్తున్నాడు, వాణ్ణి నీ పక్కనే ఉంచుకో, నీ కళ్ళముందు ఉంటే నాకు నిద్ర పడుతుందని చెప్పింది. "నా పక్కనే ఉంచుకుంటా అక్కా," అన్నాడు అతను. మాట తప్పలేదు. వెళ్ళినవాళ్ళలో చిన్నోణ్ణి పేరు పెట్టి అడిగి మరీ తన దగ్గరికి వేయించుకున్నాడు. అతను ఉండే చోటు ఎక్కడని ఆమె అడగలేదు. ఆఫీసరు కదా, ఏ ఫ్యాను కిందో ఉంటాడనుకుంది.

కొన్నాళ్ళకి అతనే ఫోను చేశాడు. మీ మెకానిక్కులు ఉండే రేకుల షెడ్డు మీద మీ జెండా పరిస్తే, అవతలి విమానాలు పైనుంచి చూసి, ఇది ఆ పెద్ద దేశంవాళ్ళ చోటు, దీని జోలికి పోవద్దనుకుని తప్పుకుంటాయి, పెద్ద జెండా కావాలి, మా దర్జీలకి మీ జెండా కొలతలు కుదరవు, నీ చేత్తో అయితే మాకు ధైర్యం అన్నాడు. కొడుకు నెత్తిన కప్పే గుడ్డ అంటే ఏ తల్లి కాదంటుంది? టైలరమ్మ ఉన్న పనులన్నీ పక్కన పెట్టేసింది.

కొట్లో చోటు చాలక జెండాని వీధిలో పరిచారు. బండావిడ రాళ్ళు పెట్టి అంచులు పట్టింది. స్టోరు బాబాయి టేపు పట్టుకుని, ఆ మూల లాగండి ఈ మూల లాగండి అంటూ పని కంటే ఎక్కువ అడ్డం పడ్డాడు. తీరా చూస్తే నీలం పట్టీకి మూల దగ్గర గుడ్డ తక్కువైంది. బజారులో ఆ నీలం అయిపోయిందన్నారు. కొండదేశం తిరిగి వెళ్తున్న శిక్షణ కుర్రాడొకడు దాన్ని పట్టుకుపోవడానికి సంచి తెరుచుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. టైలరమ్మ గబగబా మేడెక్కి, ఆ గది కర్టెన్ దించి, ముక్క కోసి అతికేసింది. రంగు ఒక వన్నె ముదురు. ఆమెకి అది కంట్లో నలుసులా గుచ్చుకుంది. "ఆకాశంలోంచి చూసేవాడికి ఆ తేడా ఏం తెలుస్తుందిలే," అని ఇస్త్రీ పిన్ని జెండా అంతటికీ పెట్టె తిప్పి మడత పెట్టింది. దానికి కూలి తీసుకోనంది.

బాంబు పడింది ఆ షెడ్డు మీదే.

చిన్నోడితో ఉన్న మెకానిక్కులు ఇద్దరు పోయారు. చిన్నోడి కాలు పోయింది. ఆ సాయంత్రమే టీవీల్లో కాలిన జెండా కనపడింది. అమాయకంగా రాడార్లు బాగుచేసుకుంటున్న మన పిల్లల మీద, మన జెండా మీద బాంబు వేశారని దేశమంతా అట్టుడికిపోయింది. వీధిలో పిల్లలు కూడా ఏటి అవతలివాళ్ళని తిట్టడం నేర్చుకున్నారు. కొండదేశానికి మన సైన్యాన్ని పంపాలా వద్దా అని పార్లమెంటులో ఓటు పెడతామన్నారు. స్టోరు బాబాయి ఇస్త్రీ బల్ల దగ్గరికి వెళ్ళడం మానేశాడు. ఇంట్లోనే కాలుగాలిన పిల్లిలా తిరిగేవాడు. ఆసుపత్రి నుంచి చిన్నోడు ఫోనులో రెండు ముక్కలే మాట్లాడేవాడు. బాగున్నానమ్మా, బాగా చూసుకుంటున్నారమ్మా. వాడి పక్కన ఎవరో నిలబడి ఉన్నట్టు ఆమెకి వినపడేది.

అటుతర్వాత ఏటి అవతలివాళ్ళు ఒక ఫొటో బయటపెట్టారు. బాంబు పడకముందు విమానంలోంచి తీసిందట. రేకుల షెడ్డు, దాని మీద పరిచిన మన జెండా. షెడ్డుకి ఆనుకుని వల కప్పిన పెద్ద పెద్ద ఫిరంగులు, వాటి గొట్టాలు ఏటి వైపు. మెకానిక్కుల మీద కాదు, ఆ జెండా చాటు నుంచి రోజూ మా ఊళ్ళ మీద నిప్పులు కురిపిస్తున్న ఫిరంగుల మీద వేశామని వాళ్ళు అన్నారు. మన టీవీలో కోటు వేసుకున్నాయన నవ్వి, ఇది కంప్యూటర్లో అతికిన దొంగ ఫొటో, చిన్నపిల్లలు కూడా పోల్చుకుంటారు అన్నాడు.

టైలరమ్మ చేతిలో పళ్ళెం కింద పెట్టి టీవీ దగ్గరికి నడిచింది. జెండా మూల, నీలం పట్టీ చివర, ఒక ముక్క ఒక వన్నె ముదురుగా ఉంది. దొంగ ఫొటో తయారుచేసేవాడికి మేడ మీద కర్టెన్ సంగతి ఎలా తెలుస్తుంది? మొగుడికి వేలు పెట్టి చూపించింది. ఆయన చాలాసేపు చూసి, లేచి వెళ్ళి టీవీ కట్టేసి, వీధి తలుపు కూడా వేసి వచ్చాడు. చిన్నోడు ఇంకా కొండదేశంవాళ్ళ చేతుల్లోనే ఉన్నాడు, నువ్వు ఏమీ చూడలేదు, నేనూ చూడలేదు అన్నాడు.

ఆ మాట ఆమెకీ తెలుసు. తెలిసే, మేడగది తమ్ముడు ఫోను చేసి, ఓటుకి ముందు మీ ఊళ్ళో మీటింగు పెడుతున్నాం, తల్లి మాట్లాడితే రాళ్ళు కూడా కరుగుతాయి, నువ్వు రావాలక్కా అని అడిగినప్పుడు, ఆమె గొంతు మార్చలేదు. వస్తాను తమ్ముడూ అంది. కాకపోతే కొడుకుని చూడకుండా నా నోరు పెగలదు, పదిమందిలో నిలబడి ఏడుపు తప్ప ఇంకేం రాదు, వాణ్ణి కూడా తీసుకొస్తే పక్కన పెట్టుకుని మాట్లాడతాను, చూసేవాళ్ళకీ అదే బాగుంటుంది కదా అంది. అతను బదులిచ్చేలోపు ఆమె చేతిలోని సుద్ద పొడి పొడి అయిపోయింది. చివరికి, "నిజమే అక్కా. నాతోనే తీసుకొస్తా," అన్నాడు. తమ్ముణ్ణి మోసం చేస్తున్నానేమోనని ఆమెకి ఒక్క క్షణం అనిపించింది. తనకే నవ్వొచ్చింది. అదేం నవ్వో మొగుడికి అర్థం కాలేదు.

చిన్నోడు వచ్చాడు. చక్రాల కుర్చీ కొట్టు గుమ్మంలో ఇరుక్కుంటే, తండ్రే ముందు చక్రాలు ఎత్తి లోపలికి పెట్టాడు. టైలరమ్మ వాడి ముఖమంతా చేతులతో తడిమింది. కాలి వైపు మాత్రం చూడలేకపోయింది. ఇద్దరికీ ఏకాంతంగా మాట్లాడుకునే వ్యవధి కూడా ఇవ్వలేదు. వెనకాలే ఎంపీ గారు, ఆయన వెనక మేడగది తమ్ముడు. కారు వీధిలో ఆగి ఉంది. మైదానంలో మైకు పరీక్షించే గొంతు ఇక్కడికి వినపడుతోంది. ఇస్త్రీ పిన్ని పెట్టె చేతిలో పట్టుకునే వచ్చి కొట్టు మెట్ల దగ్గర నిలబడింది.

మేడగది తమ్ముడు గుమ్మంలో బూట్లు విప్పాడు. అలవాటు పోలేదు. ఎంపీ గారికి కుర్చీ వేయించి, తను వెళ్ళి పేలికల మూట మీద కూచున్నాడు, భుజాల మీద ఆ నక్షత్రాలతోనే.

"చిక్కిపోయావక్కా," అన్నాడు.

"మేడ మీదికి వెళ్ళి చూసొస్తావా తమ్ముడూ? నీ కిటికీకి కర్టెన్ లేదు."

"పాతదైందని తీసేశావా?"

"జెండాకి గుడ్డ చాలకపోతే కోసి అతికాను. మూలకి."

అతను తల దించుకుని పేలికల్లోంచి ఒక దారం లాగుతూ కూచున్నాడు. ఎంపీ గారు గడియారం చూసుకున్నారు. బయలుదేరదామా అన్నారు.

"నువ్వు గుర్తుపట్టలేదా?" అని ఆమె అడిగింది.

"పరిచిన రోజే పట్టానక్కా."

"మెకానిక్కులు ఉండే చోట పరుస్తానన్నావు. ఫిరంగుల చోట పరిచి, మెకానిక్కులని అక్కడికి తెచ్చావా?"

అతను చిన్నోడి వైపు చూశాడు. చిన్నోడు గోడ మీద వేలాడే చొక్కాల వైపు చూస్తున్నాడు. ముందు దూరంగా ఉండేవాళ్ళమమ్మా, జెండా వచ్చాకే మా మంచాలు అక్కడికి మార్చారు, మా రేకులు అదిరేట్టు పక్కనుంచే పేల్చేవాళ్ళు, చెవుల్లో దూది పెట్టుకుని పని చేసుకునేవాళ్ళం అని, ఎవరో పక్కింటివాళ్ళ సంగతి చెప్పినట్టు చెప్పాడు.

"నా పక్కనే ఉంచుకోమన్నది నువ్వే కదక్కా," అన్నాడు మేడగది తమ్ముడు. అన్నాక ఆ మాట తనకే చేదుగా తగిలినట్టుంది. గొంతు తగ్గించాడు. మేము చిన్నవాళ్ళం అన్నాడు. మీ రాజధానికి ఎన్నిసార్లు వచ్చామో, మీ పెద్దల గుమ్మాల్లో ఎంతసేపు నిలబడ్డామో నీకు తెలియదు. టీ ఇచ్చారు, ఫొటోలు దిగారు, చూద్దాం అన్నారు. మా అమ్మ ఊరు ఏటి అవతలివాళ్ళ చేతికి పోయిన రోజు కూడా చూద్దాం అనే అన్నారు. "మీవాడికి దెబ్బ తగిలితే తప్ప మీకు నొప్పి తెలియదక్కా. మీ జెండా కాలితే తప్ప మీరు లేవరు."

"అందుకని నా కొడుకుని ఎంచుకున్నావా?"

"ఎంచుకోలేదు. చేతికి దగ్గరగా ఉన్నాడు."

మెట్ల దగ్గర ఇస్త్రీ పిన్ని పెట్టె కింద పెట్టేసింది. టైలరమ్మకి అతన్ని కొట్టాలనిపించలేదు. లేపి బయటికి గెంటాలనీ అనిపించలేదు. అతను కూచున్న మూట మాత్రం కనపడుతోంది. ఆ మూట మీద కూచునే కదా అక్క అనడం నేర్చుకున్నాడు. ఆ మాట నేర్పినందుకు తన నోరు తనే కుట్టేసుకోవాలనిపించింది.

స్టోరు బాబాయి గోడ పట్టుకుని లేచి ఎంపీ గారి ముందుకి వెళ్ళాడు. విన్నారు కదా బాబూ, ఆ ఫొటో నిజమేనట అన్నాడు. మనవాళ్ళని మోసం చేశారు, స్నేహితులని చేరదీస్తే మనల్ని తీసుకెళ్ళి వాళ్ళ యుద్ధంలో పడేస్తున్నారు, ఇంకా ఓటు కాలేదు కదా, ఒక్క ఫోను చేసి పైవాళ్ళకి చెప్పండి, ఆపండి అని రెండు చేతులూ పట్టుకున్నాడు.

ఎంపీ గారికి ఒక బలహీనత ఉంది. తనకి తెలియని సంగతి ఒకటి ఈ లోకంలో ఉందని ఒప్పుకోవడం ఆయనకి చేతకాదు. పైగా, ఒక చిన్న దేశం ఆఫీసరు మన దేశాన్ని బోల్తా కొట్టించాడని ఓ దర్జీ కొట్లో అనుకోవడం ఆయనకి తలవంపుగా తోచింది. స్టోరు బాబాయి చేతుల్లోంచి తన చేతులు మెల్లగా విడిపించుకున్నారు.

"పైవాళ్ళకి తెలియదనుకున్నావా బాబాయ్? అలాంటి ఫొటోలు మన విమానాలు అంతకుముందే తీశాయి. జెండా ఎక్కడ పరిచారో, దాని పక్కన ఏమున్నాయో, అన్నీ చూశారు."

"చూసి, మనవాళ్ళని అక్కడినుంచి తియ్యమని చెప్పలేదా?"

"అన్నీ అలా చెప్పేవి కావు. ఆ ఏటి మీద మన పనులు మనకీ ఉన్నాయి. మన సైన్యం అక్కడికి వెళ్ళడానికి ఒక కారణం కావాలి కదా."

మేడగది తమ్ముడు దారం లాగడం ఆపాడు. ఎంపీ గారిని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. ఇన్నాళ్ళూ తనే పట్టి లాగుతున్నాననుకున్న తాడు రెండో కొస ఎవరి చేతిలో ఉందో అతనికీ అప్పుడే కనపడినట్టుంది.

"అయితే వీళ్ళు మనల్ని లాగలేదా?" అన్నాడు స్టోరు బాబాయి.

ఎంపీ గారు నవ్వారు. పెద్దవాడికి ధైర్యం చెబుతున్నట్టు భుజం మీద చెయ్యి వేశారు. "ఎంత మాట బాబాయ్. మనంత దేశాన్ని మన ఇష్టం లేకుండా లాగేవాడెవడు?"

ఇస్త్రీ బల్ల దగ్గర రోజూ తను అన్న మాటే. అక్షరం తేడా లేదు. స్టోరు బాబాయి వెళ్ళి గోడ వారగా మళ్ళీ కూచున్నాడు. టైలరమ్మ మొగుడి వైపు చూడలేదు, చూస్తే ఆయన ఇంకా కుంగిపోతాడని. కొడుకు కుర్చీ వెనక్కి వెళ్ళి నిలబడి, దాని పిడి మీద చేతులు వేసింది. మైదానంలో మైకులో ఎవరో, వీర మాత కొద్దిసేపట్లో మన మధ్యకి వస్తున్నారని చెబుతున్నారు.

చిన్నోడు గోడ మీది చొక్కాల నుంచి చూపు తిప్పి, ఎంపీ గారి ముఖంలోకి చూశాడు.

"మరి నా కాలు ఎవరి ఇష్టం?"

వీధిలో కారు డ్రైవరు హారన్ కొట్టాడు. మళ్ళీ కొట్టాడు.